గూడూరు రాకముందే గన్నవరం

మా పెద్దనాయన చెంగయ్య పెరుగు తోడు పెడితే, క్యాను తలకిందులు చేసినా చుక్క జారదు. ఆ గడ్డ మీద నిలబడి నేనొకసారి ఫోటో కూడా తీయించుకున్నాను. నమ్మకపోతే మీ ఇష్టం. తొమ్మిదో తరగతిలో మా లెక్కల సారూ నన్ను నమ్మలేదు, అందుకే బడి మానేశాను.

అరవదేశంలో ఉన్న మాధవరం పాల కాలనీలో ముప్పై ఏళ్లుగా ఆయన పని ఇదే. బెజవాడలో ఎవరింట్లో విందుకైనా పెరుగడిగితే, పొద్దున రైలెక్కే ముందు గోరువెచ్చటి పాలలో తోడు వేసి, క్యానుకు కంబళి చుట్టి, ఒళ్లో పెట్టుకునేవాడు. గడియారం చూసేవాడు కాదు. గూడూరుకు చిక్కబడతాయి, ఒంగోలుకు పేరుకుంటాయి, తెనాలికి గడ్డ కడతాయి. నాలుగు వందల ముప్పై కిలోమీటర్లు పోతే పాలు పెరుగవుతాయని ఆయన లెక్క.

మొన్న మే నెలలో ఆయన చెల్లెలు రాజలక్ష్మి బెజవాడలో మెస్ తెరిచింది. 'మాధవరం గడ్డ పెరుగు భోజనం' అని ముందే బోర్డు పెట్టేసింది. మొదటి రోజు నచ్చితే రోజూ వస్తామని పక్క సందు బట్టల దుకాణాల వాళ్లు నలభై మంది మాటిచ్చారు. రైల్లో సీట్లు దొరకలేదు. నేనే విమానం టికెట్లు తీశాను. పైలట్ మనవాడేనని కూడా చెప్పాను.

తొమ్మిదికి తోడు వేసి బయలుదేరాం. విమానాశ్రయంలో క్యాను సామాన్లలో వేయమన్నారు. చంటిబిడ్డను అప్పగించినట్టు ఇచ్చాడు పెద్దనాయన.

"లోపలేముంది?" అని కౌంటర్ అమ్మాయి అరవంలో అడిగింది.

"పెరుగు."

"పాలలా కదులుతోందే?"

"బెజవాడలో దిగినాక చూడుమ్మా."

పదకొండుకు విమానం లేచింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి చక్రాలు నేలకు తగిలాయి.

"ఏందిరా కార్తీ, దించేస్తాండారు? ఏమన్నా రిపేరా?"

"గన్నవరం వచ్చేసింది పెద్దనాయనా."

"నా చెవిలో పూలు పెట్టబాక. గూడూరు కూడా రాలేదే!"

"విమానం గదా. గంటా పది నిమిషాలే."

ఆయన ముఖాన నెత్తురు చుక్క లేదు. "గంటేనా? అట్లయితే... పాలు?"

అప్పుడు వెలిగింది నాకు. వెనకాల జనం తోస్తున్నా మెట్ల మీద ఇద్దరం కొయ్యబారిపోయాం.

మెస్ చేరేసరికి ఒంటిగంట. నలభై మందీ సాంబారన్నం ముగించి విస్తళ్ల ముందు ఎదురుచూస్తున్నారు. రాజలక్ష్మత్త మూత తీసి అదిరిపడింది.

"అన్నా! ఇవి పాలు!"

గరిటె ముంచబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ముట్టుకోబాక! కదిలిస్తే ఇంక పేరుకోదు."

"ఇంతమందిని కూర్చోబెట్టినానే, అన్నంలో పాలు పోసేదా?"

ఆకాశంలో చలికి పెరుగు కరిగిందని నేను మొదలుపెట్టాను. "నోరు మూయరా" అని ఆయనే ముందుకొచ్చాడు.

"అయ్యా, తప్పు నాది. నేనొచ్చేసినా గానీ పెరుగింకా రాలే. ఈపాటికి గూడూరు దాటుంటాది. సాయంత్రం ఐదుకు దిగుతాది."

వాళ్లలో పెద్ద వ్యాపారి రంగనాథం విస్తరి మడిచాడు.

"ఐదింటికి మళ్లీ వస్తాం. పెరుగు దిగకపోతే ఆ బోర్డు దిగుద్ది."

ఆ మండుటెండ వేళ పెద్దనాయన పొయ్యి పక్కన కంబళి చుట్టిన క్యాను మీద చెయ్యేసి కూర్చున్నాడు. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఐదుకు నాలుగు వందల మంది వచ్చారని నేను అందరికీ చెబుతాను. నిజానికి ముప్పై ఆరుగురు.

ఆయన మూత తీశాడు, లోపలికి చూడలేదు. క్యాను ఎత్తి తన నెత్తిమీదే బోర్లించాడు. అత్త కెవ్వుమంది.

చుక్క జారలేదు.

"రేపట్నుంచి నాకో విస్తరి వెయ్యమ్మా" అన్నాడు రంగనాథం.

పెద్దనాయన నావైపు తిరిగాడు. "పోయేదానికి రైలే తీయరా."

"క్యాను ఖాళీయే గదా?"

"ఉండనీ. గూడూరు ఆడనే ఉండాదో లేదో చూసుకోవాల."