అంకిస రోడ్డుకు తగిన గళ్ళు

మా అన్న బండి పెట్రోలు లెక్కలు మార్చింది నేనేనని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అన్న చామోర్షిలో ఒక మెకానిక్ దగ్గర బండికి కంపెనీది తీసేయించి వేరే ఈసీయూ పెట్టించుకున్నాడు. ఇంజన్‌కు ఎప్పుడెంత పెట్రోలు పోయాలో చెప్పే చిన్న డబ్బా అది. అప్పటినుంచి సిరోంచ రోడ్డు మీద గుంతలు తప్పించుకుంటూ మెల్లగా పోతుంటే బండి దగ్గేది. యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే దగ్గు ఉండేది కాదు. రోజూ వెనక కూర్చుని పనికి పోయే నాకు ఆ తేడా నడుముకు తెలిసేది. అన్నకు మాత్రం అంకిసలో సీసాల్లో పెట్రోలు అమ్మే కిరాణా కొట్టు పెద్దమ్మ మీదే అనుమానం.

ఒక పొద్దున కొట్టు ముందే అడిగేశాడు.

“పెద్దమ్మా, ఇండ్ల ఏం గలుపుతున్నవ్?”

“గోదారి గలుపుతున్న. మీ నాయిన బండి గూడ ఇదే తాగింది గదరా, దానికి రాని దగ్గు నీ దానికెట్ల వచ్చింది?”

ఆమె నవ్వింది కానీ, పక్కన నిలబడ్డ ఇద్దరు చేతిలోని సీసాలు కింద పెట్టి వెళ్ళిపోయారు. ఆమె ఇల్లు ఆ సీసాల మీదే నడుస్తుంది.

నాకు అనుమానం డబ్బా మీద. దాని కేబుల్, సాఫ్ట్‌వేర్ అన్న ల్యాప్‌టాప్‌తోనే ఉండేవి. పుస్తకం ఏదైనా వదిలేదాన్ని కాను; ఆ డబ్బా మాన్యువల్ కూడా చదివాను. ఆదివారం అన్నం తిని అన్న పడుకున్నాక కేబుల్ పెట్టి చూశాను. తెర మీద గళ్ళ పట్టిక, ఒక్కో గడిలో ఒక్కో ఇంజన్ వేగానికి పోయాల్సిన పెట్రోలు. ఇంజన్ వేగం రెండు గళ్ళ మధ్య పడితే, ఆ రెంటినీ చూసి డబ్బా మధ్య లెక్క వేసుకుంటుంది. రేసు వేగాల దగ్గర గళ్ళు ఇరుకిరుకుగా ఉన్నాయి. మేము రోజూ నడిపే మెల్లని వేగాల్లో గడికీ గడికీ చాలా దూరం. జింగనూర్ దాకా పోయినా ఈ దారుల్లో ఆ పై గళ్ళను ఎవరూ ముట్టరు. పట్టికలో గళ్ళు పెరగవు. అందుకే పాత పట్టికను వేరే పేరుతో దాచి, పైవి కొన్ని తీసి కింద సర్దాను. కొత్త గళ్ళలో పెట్రోలు కొంచెం పెంచాను.

మరునాడు బండి దగ్గలేదు. నేను సంతోషపడేలోపే అన్న బస్టాండు దగ్గర అందరితో అన్నాడు: “చూసిండ్రా? నలుగుర్ల అడిగిన, కల్తీ బంద్ అయింది!”

నా చేత్తో నేనే పెద్దమ్మను దొంగను చేసినట్టయింది. చెబితే, ఇక బండికి ఏమైనా నన్నే అంటాడు. ట్యాంకు అడుగంటే దాకా ఆగి, పాత పట్టికే మళ్ళీ ఎక్కించాను. పుస్తకం కొనాలని వంక పెట్టి గోదావరి వంతెన అవతలికి తీసుకుపొమ్మన్నాను. కొట్టు మూసేస్తారని తొందరపెట్టి, పోయేటప్పుడు దగ్గకుండా గట్టిగా తోలించాను. అక్కడ బంకులో పెట్రోలు పోయించాడు. తిరిగి వస్తుంటే వంతెన మధ్యలో బండి దగ్గింది.

అన్న దిగి ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. “వీడు గూడ కలుపుతున్నడా ఏంది?”

“ఇటోళ్ళు అటోళ్ళు కలిసి నీ ఒక్క బండి మీదనే పగబట్టిండ్రా అన్నా?” అన్నాను. ఆ వారంలో నేను అంత పొడుగు మాట ఎవరితోనూ అనలేదు.

అన్న మూత బిగించి బండి ఎక్కాడు. సాయంత్రం పెద్దమ్మ కొట్టు ముందు, అందరూ చూస్తుండగా రెండు సీసాలు ట్యాంకులో పోసుకున్నాడు. “నీ పెట్రోలు మంచిదే పెద్దమ్మా, నాదే తప్పు,” అన్నాడు. “మరి గాళ్ళకు ఎవలు చెప్తరు?” అందామె. అన్న పోయి, సీసాలు వదిలి వెళ్ళిన ఆ ఇద్దరినీ పిలుచుకొచ్చాడు.

తరువాతి ఆదివారం కొత్త పట్టిక మళ్ళీ ఎక్కించి, కేబుల్ మడిచి ల్యాప్‌టాప్ పక్కన పెట్టేశాను. సోమవారం సిరోంచ దాకా బండి దగ్గలేదు. నేను దిగాక కూడా అన్న కదలకుండా నా ముఖమే చూశాడు.

“ఎవలు బాగు జేసిండ్రో నేను అడుగుత లేను. గని ఈసారి ఆ కేబుల్‌ను నీ జడ తీరుగ అల్లి పెట్టకు.”