చిన్న చేతికందే సంచి

మొన్నామధ్య మా అమ్మాయి కోరుట్ల నుంచి జగిత్యాలకు వచ్చీ రాగానే, మంచినీళ్ళయినా తాగకముందే ఫోను నా ముందు పెట్టి, ఏ సంచి కొనమంటావని అడిగింది. వచ్చే వారం హైదరాబాదులో పెద్ద థీమ్ పార్కుకు పోతున్నారట, రెండేళ్ళ మనుమరాలినీ, దాని వెంట నన్నూ తీసుకొని. పొద్దున్నించి సాయంత్రం దాకా తిరగాలి కనుక పిల్లదాని సరంజామా అంతా పట్టే సంచి ఒకటి కావాలట. ఫోనులో సంచులు ఒకదాని వెనక ఒకటి జరిగిపోతున్నాయి, పాలసీసాకు ఒక అర, తడిబట్టలకు ఒక అర, డైపర్లకు ఒక అర, వీపు వైపు ఒక దొంగజేబు. ఇన్నేళ్ళు కుట్టుమిషను తొక్కి బతికినదాన్ని కదా, ఏ పట్టీ ఎక్కడ తెగుతుందో చూసి చెబుతానని దాని నమ్మకం.

"అమ్మా, గీ బూడిద రంగుది సూడు. రెండు భుజాలకు ఏసుకుంటె చేతులు ఖాళీగుంటయి. ఇప్పుడు అందరు గిదే కొంటున్నరు."

"అందరు కొనేది మనకద్దు," అన్నాను. ఆ మాట ఎంత తొందరగా అన్నానంటే అది ఫోను పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఏందే అమ్మా, సంచికి గూడ దిష్టి తగులుతదా?" అని నవ్వింది. దానికి ఒక పిన్ని ఉండేదని తెలుసు, చిన్నప్పుడే తప్పిపోయిందనీ తెలుసు. ఎలా తప్పిపోయిందో మాత్రం మా ఇంట్లో ఎవరూ నోరు విప్పి చెప్పుకోలేదు. మీలో నా వయసు వాళ్ళకు తెలిసే ఉంటుంది, కొన్ని సంగతులు ఇంట్లో అందరికీ తెలిసి ఉండీ ఎవరి నోటా రావు.

మా పుట్టిల్లు సిరిసిల్ల. ఇప్పుడు సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో పక్కవాళ్ళ మాట వినబడని ఆ వాడలన్నీ నా చిన్నతనంలో చేతిమగ్గాల వాడలే. మా వాడ మొత్తానికి నూలు ఇచ్చే సావుకారి ఒక్కడే కావడంతో, ఆయన ఏ రంగు నూలు పంచితే అందరి మగ్గాల మీదా ఆ రంగు చీరే దిగేది. పడుగు అయిపోయే చోట చివరన మిగిలే ముక్క మాత్రం నేసిన ఇంటివాళ్ళకు దక్కేది, దానితో ఆడవాళ్ళు సంచులు కుట్టుకునేవాళ్ళు. చెల్లెలు తప్పిపోయిన యేడు ఆకుపచ్చ మీద ఎర్ర చార వచ్చింది. శివరాత్రికి వేములవాడ జాతరకు బయలుదేరిన మా వాడ ఆడవాళ్ళందరి చేతుల్లోనూ ఆ ఆకుపచ్చ సంచే. అది చూసి మేమంతా ఎంత మురిసిపోయామో, ఎంత గుంపులోనైనా మనవాళ్ళు ఇట్టే కనబడతారని.

అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం. అవ్వ సంచి సర్దడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది: అడుగున తమ్ముడి గుడ్డలు, వాటి మీద తుండుగుడ్డ, ఒక పక్క అటుకులూ బెల్లం, ఇంకో పక్క సర్వపిండి ముక్కలు, అన్నిటి మీదా బోర్లించిన ఇత్తడి గ్లాసు. చంకలో తమ్ముడు, నెత్తి మీద మూట, కుడిచేతిలో సంచి, ఇక నడిచే పిల్లకు పట్టించడానికి ఆమెకు మూడో చెయ్యి ఎక్కడిది? అందుకని మా వాడలో సంచి కుట్టేటప్పుడే కింది మూలకు ఒక పీలిక వదిలి కుట్టేవాళ్ళు, పిల్లల పిడికిలికి అందేటట్టు. మా వాడ పిల్లలం తల్లి చెయ్యి పట్టుకొని నడిచినవాళ్ళం కాము, ఆ పీలిక పట్టుకొని నడిచినవాళ్ళమే. ఆ యేడు పీలిక చెల్లెలి వంతు. నేను కొంచెం పెద్దదాన్నయ్యానని బాపు, అంటే మా నాన్న, నా చెయ్యి పట్టుకొని ముందు నడిచాడు.

దర్శనం అయి బస్టాండు వైపు వస్తుంటే జనం ఒక్కసారిగా ముంచుకొచ్చారు. వెనక నుంచి అవ్వ గొంతు నాకు వినబడుతూనే ఉంది. మెడ తిప్పడానికి మూట అడ్డం కనుక ఆమె వెనక్కి చూడకుండానే కాసేపటికోసారి అడుగుతోంది.

"సంచి ఇడువలేదు గద బిడ్డా?"

"ఇడువలే," అని చెల్లెలు పలుకుతోంది.

చివరిసారి పలికిన పలుకు కాస్త పక్క నుంచి వచ్చిందేమో అని అవ్వ తరువాత ఎన్నో ఏళ్ళకు ఒక్కసారి మాత్రం అన్నది. బస్టాండు చేరి మూట దించి చూస్తే పీలిక ఉత్తగా ఊగుతోంది.

ఆ తరువాతి సంగతి ఎలా చెప్పను? అవ్వ అరిచిన అరుపు అంత జాతరలోనూ వినబడింది. బాపు ఎక్కని బస్సు లేదు, అడగని మనిషి లేడు. ఆ రోజూ దొరకలేదు, మర్నాడూ దొరకలేదు. అప్పుడు మా వాడకే చెందిన ఒకామె, మేము అత్తా అని పిలిచే మనిషి, కోరుట్లలోని తన పుట్టింటి నుంచి తిరిగివచ్చి, సంగతి విని, మా గడపలో కూలబడిపోయింది. జాతర నుంచే ఆమె కోరుట్ల బస్సెక్కింది. బస్సెక్కే ముందు గుంపులో అవ్వ పక్కనే నడిచింది.

"ఎవలో నా సంచి గుంజుతున్నట్టే ఉండెనక్కా. మా పొల్లనే అనుకున్న. అది వాళ్ళ నాయిన సంకల ఉన్నదని నాకు యాదికే రాలే. బస్సెక్కి సూస్తె ఎవ్వలు లేరు. నేను ఒక్కపాలి ఎనుకకు సూడకపోతినక్కా!"

అప్పుడు తెలిసింది మాకు. చెల్లెలు అబద్ధమాడలేదు. విడువలేదని అది చెప్పిన ప్రతిసారీ దాని పిడికిట్లో పీలిక ఉంది. తోపులాటలో ఒకసారి జారి ఉంటుంది, మళ్ళీ అందిన ఆకుపచ్చ గుడ్డను పట్టుకొని, అవ్వే అనుకొని, చెప్పినట్టు వింటూ నడిచిపోయింది పిచ్చితల్లి.

అవ్వ ఆ అత్తను ఒక్క మాటైనా అనలేదు. ఆ అత్త తన సంచిని పొయ్యిలో పెట్టింది. ఆ వారంలోనే వాడలోని ఆడవాళ్ళందరూ ఎవరికి వారు తమ సంచులకు గుర్తు కుట్టుకున్నారు, ఒకరు నీలం ముక్క, ఒకరు పాత చొక్కా జేబు. అవ్వ మాత్రం తన సంచికి ఏ గుర్తూ కుట్టనివ్వలేదు. మార్చితే చెల్లెలు వచ్చినా గుర్తుపట్టదని ఆమె బాధ. బతికినంత కాలం ఎక్కడికి పోయినా ఆ సంచినే తీసుకుపోయింది, చెయ్యి పూర్తిగా కిందికి వదిలేసి, పీలిక దుమ్ములో ఈడ్చుకుపోయేటట్టు. సంచి నేలకు రాసుకుంటోంది, ఎత్తి పట్టుకో అని ఎవరైనా అంటే ఆమెది ఒకటే జవాబు: "అందాలె గద."

నా పెళ్ళయి జగిత్యాల వచ్చాను. మా అమ్మాయిని కోరుట్లకు ఇచ్చాను. ఆ అత్త వెనకే అదీ ఆ బస్సెక్కి కోరుట్లలో దిగిందేమోనని, ఇప్పటికీ కోరుట్ల బస్టాండులో దిగితే నా కళ్ళు నా మాట వినవు. నాకన్నా కాస్త చిన్నదనిపించే ప్రతి ఆడమనిషి మొహంలోనూ అవ్వ ముక్కునూ బాపు నుదుటినీ వెతుకుతాను. ఎవరైనా ఏమిటమ్మా అట్లా చూస్తున్నావంటే, తెలిసినవాళ్ళనుకున్నానని చెప్పి తప్పుకుంటాను.

చివరికి మా అమ్మాయి పట్టుదలే గెలిచింది, ఆ బూడిద రంగు సంచే వచ్చింది. దానితో వాదించలేక, పెట్టె అడుగున దాచుకున్న అవ్వ సంచి తీసి, పీలికను కుట్టు విప్పి, కొత్త సంచి కింది మూలకు గట్టిగా కుట్టాను. రంగు వెలిసి అది ఆకుపచ్చో బూడిదో తెలియకుండా ఉంది, ఎర్ర చార మాత్రం ఇంకా పోలేదు.

పార్కులో ఆ రోజు ఎంత జనమో! అందరూ కొంటున్నారని అది ఊరికే అనలేదు, ఏ వీపు చూసినా అదే బూడిద సంచి. మనుమరాలిని ఎత్తుకొని అమ్మాయీ అల్లుడూ తిరిగే గుర్రాల దగ్గరికి పోతూ సంచి నాకు అప్పగించారు. నేను దాన్ని చేతితో పట్టుకొని ఒక పక్కన నిలబడ్డాను. కాసేపటికి సంచి బరువెక్కినట్టయింది. కింది నుంచి ఎవరో మెల్లగా గుంజుతున్నారు.

నేను వెనక్కి చూశాను. మూడేళ్ళు కూడా ఉండవు, రెండు పిలకల పిల్ల, పీలికను పిడికిట్లో బిగించుకొని గుర్రాల వైపు నోరు తెరిచి చూస్తోంది. నా మొహం వైపైనా చూడలేదు, తన తల్లి పక్కనే ఉన్నానన్న ధీమా. పేరడగలేదు, ఎత్తుకోలేదు, అక్కడి నుంచి అడుగు కదిలితే ఏమవుతుందో నాకన్నా తెలిసినవాళ్ళెవరు? అలాగే నిలబడ్డాను. నిజం చెబుతున్నాను, ఆ కాసేపు ఆ పిల్ల కోసం ఎవరూ రాకపోతే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది.

వచ్చింది తల్లి, ఏడుస్తూ, పరుగెత్తుతూ, వీపున అదే బూడిద సంచితో.

"సంచి ఇడువలేదమ్మా నీ బిడ్డ," అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. పిల్లను గుండెకు అదుముకొని, నాకు దండం పెట్టి వెళ్ళిపోయింది.

ఇప్పుడు స్తంభానికో కెమెరా ఉంది, పిల్లల మణికట్టుకు తల్లి ఫోను నంబరున్న పట్టీ కడుతున్నారు, ఎవరైనా తప్పిపోతే పార్కంతా మైకులో పిలుస్తారు. ఇవన్నీ మా కాలంలో ఉంటే అని అనుకోవడం ఎన్నడో మానేశాను. ఒక మనిషి ఒక్కసారి వెనక్కి చూసి ఉంటే చాలు, నాకూ కోరుట్ల బస్టాండు అందరికీ ఉన్నట్టు ఒక మామూలు బస్టాండుగానే ఉండేది.

తిరిగి వస్తుంటే గేటు దగ్గర అమ్మాయి వెనక నుంచి కేక వేసింది, సంచి నేలకు రాసుకుంటోంది, ఎత్తి పట్టుకొమ్మని. మనుమరాలు దాని భుజం మీద నిద్రపోతోంది. నేను చెయ్యి ఎత్తలేదు.

"ఉండనియ్యి బిడ్డా," అన్నాను, "అందాలె గద."