పది గంటల సంతకం

నా నేరంలో గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. పటాన్‌చెరు దగ్గర ఒక రసాయనాల కంపెనీలో పనిచేసేవాణ్ని. కంపెనీ బస్సులో కిటికీ పక్క సీటు నాదంటే నాదని తోటి ఆపరేటర్‌తో మాటామాటా పెరిగింది. చేతిలో ఉన్న స్టీలు టిఫిన్ క్యారియర్‌తో ఆయన మొహం మీద కొట్టాను. ఆయనకు ఎడమ కన్ను పోయింది. నాకు ఐదేళ్లు పడ్డాయి. జైల్లో ఎవరైనా ఏ కేసని అడిగితే కొట్లాట కేసని చెప్పేవాణ్ని. దేనితో కొట్టావని అడిగేదాకా నా పరువు నిలిచేది.

మూడో ఏడు వానలకు రుద్రారంలో మా ఇంటి వెనక గోడ కూలింది. నా భార్య ఆఫీసుల చుట్టూ తిరిగి నాకు నెల రోజుల పెరోల్ ఇప్పించింది. రోజూ పొద్దున పదింటికి పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టాలి. స్టేషన్ పరిధి దాటకూడదు. దెబ్బ తిన్న మనిషి జోలికి పోకూడదు.

మొదటి రోజు తలకు తువ్వాలు చుట్టుకుని, ఊరంతా నన్నే చూస్తోందనుకుంటూ నడిచాను. చాయ్ హోటలాయన కేకేశాడు.

"ఏందే అన్నా, కనబడుతనే లేవు. నైట్ షిఫ్ట్ ఏసిండ్రా ఏంది?"

ఆ మాట ఇంట్లో చెబితే నా భార్య నవ్వను కూడా లేదు. "దుబాయి పోయినవని నేనే చెప్పిన. సగం మంది నమ్మిండ్రు. మిగిలినోళ్లకు నువ్వు యాదికే లేవు" అంది.

స్టేషన్‌లోనూ అదే కథ. గుమ్మం దగ్గరి కానిస్టేబుల్ నన్ను పాస్‌పోర్ట్ ఎంక్వైరీకి వచ్చినవాడిని అనుకున్నాడు. పెరోల్ మీద వచ్చానని చెబితే హెడ్ కానిస్టేబుల్‌కు నా రిజిస్టర్ దొరకలేదు.

"రేపు రా పో."

"ఇయ్యాల్టి సంతకం తప్పితది కద సార్."

"తప్పితే జైలుకు పోయేది నువ్వు, నేను కాదు. గట్ల కూసో."

మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. నాలుగో రోజుకల్లా ఆ రిజిస్టర్ ఏ బీరువాలో ఉందో వాళ్లకంటే నాకే బాగా తెలిసింది.

నెల దగ్గర పడినా గోడ సగమే లేచింది. ఇంకో పదిహేను రోజులు ఇవ్వమని అర్జీ పెట్టాను. దెబ్బ తిన్న మనిషిని కూడా అడగాలని ఆయన్ని స్టేషన్‌కు పిలిపించారు.

ఆయన కనిపిస్తే ఏం చెప్పాలో జైల్లో రెండేళ్లుగా తయారు చేసుకుంటున్నాను. పశ్చాత్తాపం, కుమిలిపోవడం లాంటి బరువైన మాటలన్నీ కంఠతా వచ్చు. తీరా ఆయన వచ్చి నా పక్కన నిలబడితే నా నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"తిన్నవా?"

టిఫిన్ క్యారియర్‌తో కొట్టినవాడు అడగాల్సిన మాటేనా అది? నాలుక కోసుకోవాలనిపించింది. ఆయన "తిన్న" అన్నాడు.

హెడ్ కానిస్టేబుల్ ఆయన్ని అడిగాడు. "ఈయనతోని నీకేమన్న భయమున్నదా?"

"భయమేం లేదు సార్. జెర ఇటు పక్కకు నిలబడుమనుండ్రి. అటు నాకు కనబడది."

నేను ఆయన ఎడమవైపు నిలబడి ఉన్నాను. వెంటనే ఇవతలికి వచ్చాను. ఎక్కడ చూడాలో తెలియక గోడ మీది క్యాలెండర్ చూశాను. ఆయన అభ్యంతరం లేదని రాసి, సంతకం పెట్టి, డ్యూటీకి టైమైందని వెళ్లిపోయాడు.

గడువు దొరికింది, గోడ లేచింది, నేను జైలుకు తిరిగి వెళ్లాను. అక్కడ బ్యారక్ అంతా చుట్టూ చేరి అడిగితే, ఆయన కాళ్ల మీద పడ్డాననీ, ఆయన నన్ను లేపి కౌగిలించుకున్నాడనీ చెప్పాను. ఇద్దరు ఏడ్చారు. నాకూ కళ్లు తడిశాయి. అబద్ధం చెప్పడంలో నాకు అంత పనితనం ఉందని అప్పుడే తెలిసింది.

విడుదలైన ఏడాదికి పటాన్‌చెరు సంతలో ఆయన బెండకాయలు ఏరుకుంటూ కనిపించాడు. దగ్గరికి వెళ్లి, "తప్పయింది నాది" అన్నాను. కంఠతా పట్టిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆయన ఒక కాయ కొన విరిచి చూసి బుట్టలో వేసుకున్నాడు. క్షమించానని అనలేదు.

"ఇప్పుడేడ చేస్తున్నవ్?" అన్నాడు.

"లేత్ మిషన్ షెడ్డుల."

తలూపి మళ్లీ కాయలు ఏరుకోసాగాడు. ఊరికే నిలబడితే బాగుండదని నేనూ అరకిలో తీసుకున్నాను. అన్నీ ముదురు కాయలేనని ఇంట్లో తిట్లు తిన్నాను.