మా అమ్మాయి తెర లాగుతుంది

మా అమ్మాయి చదివే మిడిల్ స్కూలు ఎంత చిన్నదంటే, ఒక పిల్లవాడు గట్టిగా తుమ్మితే మూడు తరగతుల వాళ్లూ కలిసి "బ్లెస్ యూ" అంటారు. అన్నం తినే హాలూ, నాటకాలాడే హాలూ ఒకటే. ఒక చివర స్టేజీ, ఇంకో చివర పిజ్జా ఇచ్చే కిటికీ. అక్కడ ఎంత ఘోరమైన విషాద నాటకం ఆడినా చీజు వాసన మధ్యే ఆడాలి. చచ్చిపోయిన పాత్ర కూడా ఆకలితో కళ్లు తెరుస్తుంది.

గవర్నమెంటు బడే. ఆటా పాటా బొమ్మలూ నాటకాలూ ముఖ్యంగా నేర్పుతారు. లాటరీ తీసి సీట్లిస్తారు. సీటొచ్చిందని తెలిసిన రోజు మా అమ్మాయి వేసిన కేకకి పక్కింటివాళ్ల కారు అలారం మోగింది. నేను వేసిన కేకకి మొత్తం వీధిలో కార్లన్నీ మోగాయి.

ఆ బడిలో లెక్కలు చెప్పరని మిషిగన్‌లో మా నోవై ఊరి తెలుగువాళ్లలో ఒక పుకారు. చెప్తారు. ఆరో తరగతి పిల్లలకు ఆరో తరగతి లెక్కలు చెప్తారు. మావాళ్ల దృష్టిలో అదే నేరం. మా వీధిలో పిల్లలు పాలపళ్లు ఊడకముందే ఆల్జీబ్రాలో పడతారు. ఆరో తరగతిలో ఎనిమిదో తరగతి లెక్కలు చెయ్యని పిల్లను చూస్తే, ముద్ద మింగలేని పసిబిడ్డను చూసినట్టు జాలిగా చూస్తారు.

మా ఆయన కార్లకు బ్రేకులు డిజైన్ చేస్తారు. రోజంతా ఆఫీసులో చేసింది చాలక ఇంటికొచ్చాక కూడా అదే పని. ఆయనది వరంగల్, నాది తెనాలి. గొడవ మొదలైతే రెండు రాష్ట్రాల సరిహద్దు మా వంటింటి గట్టు మీదుగా పోతుంది. ఈ బడి విషయంలో అయితే ఆ సరిహద్దు దగ్గర సైన్యాలు కూడా దిగాయి. చివరికి ఆయనే సంధి షరతు పెట్టారు.

"ఒక్క ఇయర్ చూద్దాం. స్ప్రింగ్ షోకి నేను వచ్చి చూస్త. అయినంక డిసైడ్ చేద్దాం. నాకు నచ్చకపోతే సెవెన్త్‌కి ఇంటిపక్క స్కూల్‌ల వేసేద్దాం. మళ్ల ఏడుపులు పెట్టొద్దు."

"ఓకే డాడీ," అంది మా అమ్మాయి. "బట్ ఫుల్ షో చూడాలి. మధ్యలో ఫోన్ చూడొద్దు. ప్రామిస్?"

ప్రామిస్ జరిగింది. అంటే ఆ పిల్ల బడి భవిష్యత్తు మొత్తం ఒక నాటకం మీద వేలాడుతోందన్నమాట. సరే, ఆ నాటకంలో దాని వేషం రాణిగారా, మంత్రిగారా, కనీసం ఓ గుర్రమా అంటే, ఏదీ కాదు. వెనకాల ఉండి పని చేసే పిల్లల జట్టులో చేరింది. తెర లాగే పని ఏరికోరి తెచ్చుకుంది.

ఈ కబురు మొదట అన్నయ్యగారి చెవిన పడింది. అన్నయ్యగారంటే మా నాన్న కొడుకు కాదు, మొత్తం ఊరికే అన్నయ్యగారు. ఒకప్పుడు మా తెలుగు సంఘానికి అధ్యక్షులు. పదవి పోయి చాలా కాలమైంది కానీ మైకు ఇంకా చేతిలోనే ఉంది. వారాంతాల్లో బేస్‌మెంట్‌లో ఊరి పిల్లలందరికీ లెక్కలు చెప్తారు. ఆయన వ్యాన్ వెనకాల ఎప్పుడూ శాలువాలు ఉంటాయి. వాటికి చోటు చాలక స్పేర్ టైరు తీసి పారేశారని నా గట్టి నమ్మకం. రోడ్డు మీద టైరు పంక్చరైతే సాయానికి వచ్చినవాడికి ముందు సన్మానం చేసి, తర్వాత టైరు సంగతి అడిగే రకం.

మా ఇంట్లో తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్ జరుగుతుండగా ఆయన ప్లేటుతో నా దగ్గరికొచ్చారు.

"చెల్లెమ్మా, డ్రామా అంట కదా. అమ్మాయిది ఏం వేషం?"

"వేషం లేదన్నయ్యగారూ. తెర లాగుతుంది."

గుత్తివంకాయ కూరలో గరిటెలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"తెరా? కర్టెనా? అది మోటర్ పెట్టి లాగొచ్చు కదమ్మా!"

మెట్ల మీద కూర్చుని పెరుగన్నం తింటున్న మా అమ్మాయి తలెత్తింది. "అంకుల్, మోటర్ ప్లే చూడదు కదా. నేను చూస్తా. చూసి లాగుతా."

"బంగారం, నీ బ్రెయిన్‌కి ఈ ఏడాదికి జామెట్రీ అయిపోవాలి. తాళ్లు లాగడానికి స్కూలెందుకురా తల్లీ?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా, సగం. ఆ సగం నవ్వే నాకు కాలింది. ఆ రోజే ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గుంపులన్నిటిలో పెళ్లి శుభలేఖ పెట్టినట్టు పెట్టాను: "మా ఏకైక కుమార్తె చిరంజీవి తన స్వహస్తములతో తెర లాగు శుభసందర్భమున తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, తెరను తిలకించ ప్రార్థన." కింద వినాయకుడి బొమ్మ కూడా పెట్టాను.

"ఏందే ఇది?" అన్నారు మా ఆయన ఫోన్ పట్టుకుని. "పిల్ల స్టేజ్ మీద కనపడనే కనపడదు కద! ఏం చూస్తరు వీళ్లంత వచ్చి?"

"తెర చూస్తారు. రాసింది అదేగా."

శనివారం మధ్యాహ్నం ఆట. ఏప్రిల్ నెలైనా సిగ్గులేకుండా మంచు పడుతోంది. అయినా మావాళ్లు దండయాత్రకొచ్చినట్టు వ్యాన్లలో దిగారు. ముందు వరసలన్నీ చున్నీలూ కోట్లూ పరిచి ఆక్రమించారు. ఎవరో పులిహోర డబ్బా మూత తీశారు. ఆ బడి పుట్టాక చీజు వాసన ఓడిపోవడం అదే మొదటిసారి.

మా అమ్మాయి నల్ల ప్యాంటు, నల్ల చొక్కా, చెవులకు హెడ్‌సెట్‌తో ఒక్కసారి బయటికొచ్చింది. విమానం నడపబోయే దానిలా ఉంది.

"అమ్మా, షో అయ్యేదాకా ఎవరూ స్టేజ్ ఎక్కకూడదు. అందరికీ చెప్పు. సీరియస్."

చెప్పాను. అందరికంటే ఎక్కువగా తలూపింది అన్నయ్యగారే. కానీ ఆయన లెక్కలో ఆ నియమం ప్రేక్షకులకు. ఆయన జీవితంలో ఎన్నడూ ప్రేక్షకుడు కాదు.

నాటకం పిల్లలే రాసుకున్నారు. తన రాజ్యంలో సూపు తాగడం నిషేధించిన ఒక రాణి కథ. మొదటి భాగం అయిపోయింది. తెర రెండు వైపుల నుంచీ వచ్చి, వెన్న పూసినట్టు మెత్తగా కలుసుకుంది. నేనొక్కదాన్నే లేచి చప్పట్లు కొట్టాను, తెరకి.

ఇక్కడే మావాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. మన తెలుగు సభల్లో తెర పడిందంటే నాటకం ఆగిందని కాదు, పెద్దలు లేవాలని. తెర మూసి ఉండగా వాళ్లు వెళ్లి వరసగా నిలబడతారు. తెర తీసేసరికి నవ్వుతూ కనిపిస్తారు. శాలువాలు, ఫొటోలు, ప్రసంగాలు అయ్యాక, కాళ్లకు గజ్జెలతో నిద్రపోతున్న పిల్లలను లేపి తర్వాతి నాట్యం ఆడిస్తారు. అన్నయ్యగారు ముప్పాతిక జీవితం అలాగే గడిపారు. తెర పడగానే ఆయన మోకాళ్లు వాటంతటవే లేస్తాయి.

లేచాయి. చంకలో జరీ శాలువాతో ఆయన పక్కమెట్లెక్కి, తెర సందులోంచి లోపలికి జారిపోయారు.

"ఏయ్, అన్న ఎటు పోతుండు?" అన్నారు మా ఆయన.

మా అమ్మాయి ఏడో తరగతి ఆ మెట్లెక్కి చీకట్లోకి వెళ్లిపోయినట్టే అనిపించింది. తెర తీసేసరికి రాణిగారి కొలువులో సూటూ శాలువాతో అన్నయ్యగారు నవ్వుతూ నిలబడితే, మా ఆయన పెట్టబోయే బ్రేకుకి అంతకంటే ఏం కావాలి?

రెండో భాగం సంగీతం మొదలైంది. తెర వెనక చక్రాలు దొర్లుతున్న చప్పుడు. పిల్లలు చీకట్లో అట్టకొండను తోసుకొస్తున్నారు. హిమాలయాలకు సొంత చెల్లెలి సైజు కొండ అది. అప్పుడు ఒక్క గొంతు, మా అమ్మాయిదే, పిజ్జా కిటికీ అద్దాలు అదిరేలా:

"హోల్డ్!"

చక్రాలు ఆగాయి. సంగీతం ఆగింది. నా గుండె కూడా వరసలో నిలబడి ఆగింది. తర్వాత తెర వెనక నుంచి తెలుగు గుసగుస, హాలంతా వినిపించేంత గుసగుస.

"అంకుల్, కదలొద్దు. వెనక మౌంటెన్ ఉంది. మీరు టేబుల్ కింద కూర్చో."

"అది కాదమ్మా, ప్రిన్సిపాల్‌గారికి శాలువా..."

"తర్వాత. ఇప్పుడు కూర్చో. కాళ్లు లోపల పెట్టు."

కాసేపు ఏదో పాకుతున్న చప్పుడు. ఆపైన "గో!" అని వినిపించింది.

తెర తెరుచుకుంది. మధ్యలో రాణిగారి భోజనాల బల్ల, నేల దాకా వేలాడే గుడ్డ. దాని అంచు కింద జరీ జానెడు బయటికొచ్చి దీపాలకు మెరుస్తోంది. అన్నయ్యగారు ఎక్కడా లేరు. మా ముందు వరసలన్నీ చున్నీలు నోట్లో కుక్కుకున్నాయి. "నా రాజ్యంలో సూపు కాచే ధైర్యం ఎవరికుంది?" అని రాణి ఇంగ్లీషులో ఉరిమింది. బల్ల కింద నుంచి దగ్గు వచ్చింది. రాణివేషం పిల్ల ఒక్క క్షణం కూడా తడబడకుండా బల్లను తట్టి, "చూశారా, ఫర్నిచర్‌కి కూడా జలుబు చేసింది, అయినా సూపు లేదు!" అంది. హాలు పైకప్పు ఎగిరి పక్కజిల్లాలో పడింది.

మా ఆయన ఫోన్ ముట్టుకోలేదు. బల్లను కూడా చూడటం లేదు. తెర అంచు దగ్గర చారెడు కనిపిస్తున్న నల్ల చొక్కా చేతినే చూస్తున్నారు.

"దాని రియాక్షన్ టైమ్ చూసినవా?" అన్నారు నెమ్మదిగా. "ఫస్ట్ ఆపింది. ఆపినంక మాట్లాడింది. మా టీమ్‌ల అయితే ముందు మీటింగ్ పెడ్తరు."

ఆట అయ్యాక అన్నయ్యగారు దుమ్ము దులుపుకుంటూ మా దగ్గరికొచ్చారు. జుట్టులో సాలెగూడు, సూటు మోకాళ్ల మీద రంగు.

"చెల్లెమ్మా! మీ అమ్మాయి నన్ను... నన్ను... కాళ్లు లోపల పెట్టమంది!"

"పెట్టిన్రా అన్నా?" అడిగారు మా ఆయన.

"పెట్టాను."

"మీరే పెట్టినంక ఇంకేం ఉంది? సెవెన్త్ కూడా ఈడనే చదువుతది."

"కానీ మరి మ్యాథ్..."

"ఈడ కూడ చెప్తరు. లేదంటే మీ బేస్‌మెంట్ ఎటూ పోదు."

అన్నయ్యగారు ఓటమి ఎరగని మనిషి. శాలువా దులిపి, మడత సరిచేసుకుని మళ్లీ పక్కమెట్ల దగ్గరికి నడిచారు. స్టేజీ మీద పిల్లలు చీపుళ్లతో ఊడుస్తున్నారు. మా అమ్మాయి తాడు దగ్గర నిలబడి ఉంది.

"బంగారం, షో అయిపోయిందిగా. ఇప్పుడు ఎక్కొచ్చా?"

అది స్టేజీని ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి చూసింది. "నో అంకుల్. ఇంకా క్లియర్ అవ్వలేదు."

ఏ సభలోనూ ప్రసంగం చాలించమని కొట్టే ఏ గంటా ఆపలేకపోయిన మనిషి కింది మెట్టు మీద శాలువాతో ఆగిపోయారు. మా అమ్మాయి తెర లాగింది.