నెల రోజుల మాత్రలు

బస్సు డ్రైవరు రోజూ బండి తీసేముందు ఒకటికి రెండుసార్లు బ్రేకులు చూసుకుంటాడు. కొలెస్ట్రాల్ మాత్రలు మాత్రం ఏటా డిపో వైద్యపరీక్షకు నెల ముందు, భార్యకు తెలియకుండా మొదలుపెడతాడు. పరీక్ష గట్టెక్కగానే మళ్లీ వాటిని ముట్టడు. ఆమె కాచి ఇచ్చే వెల్లుల్లి నీళ్లు మాత్రం ఏడాది పొడవునా కళ్లు మూసుకుని గటగటా తాగేస్తాడు. ఈసారీ రిపోర్టు బాగుంది. నిరుడు గుండెపోటు వచ్చిన తన తమ్ముడికి ఆమె దాన్ని గర్వంగా చూపించింది.

"అందుకే నేనూ మాత్రలు మానేశాను బావా. అక్క చెప్పిన నీళ్లే తాగుతున్నా," అన్నాడతను.

డ్రైవరు కుడికాలు బ్రేకు తొక్కినట్టు నేలను అదిమింది. లేచి, డ్యూటీ చొక్కా జేబులోంచి సగం ఖాళీ అయిన మాత్రల షీటు తీసి రిపోర్టు పక్కన పెట్టాడు.

"ఆ రిపోర్టు వీటిదిరా," అన్నాడు, భార్య వైపు చూడకుండా.