లేసు ముసుగులో ఉక్కిరిబిక్కిరైన కంప్యూటర్

2022 మే నెల, నరసాపురం. మా నాన్నగారి కిరాణా కొట్టుకు మధ్యలో గోడ కట్టి, సగంలో నేను కంప్యూటర్ రిపేరు షాపు పెట్టి అప్పటికి పదిహేనేళ్లు. ఇటువైపు మదర్‌బోర్డులు, అటువైపు మినప్పప్పు. రోహిణి కార్తె ఎండలకు ఏసీ వేసుకుని కూర్చున్న ఒక ఉదయం, మొగల్తూరు నుంచి నాగమణి గారు పాత డెస్క్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చి దిగారు.

ఆవిడ ఊళ్లో ముప్పై మంది ఆడవాళ్లతో లేసు అల్లించి అమ్ముతారు. బెంగళూరులో జరిగే ఒక ఎగ్జిబిషన్‌లో స్టాలు కావాలంటే, లేసు ఎలా అల్లుతారో చూపించే వీడియో పై వారం శనివారం సాయంత్రంలోగా పంపాలట. ఫోన్లో తీసిన ముక్కలన్నీ ఆవిడే ఒక వరసలో పేర్చుకున్నారు. వాటిని కలిపి చివరి ఫైలు తయారుచేయడాన్ని రెండరింగ్ అంటాం. ఆ పనికి ఆవిడ కంప్యూటర్ ఐదు గంటలు తీసుకుంటోంది. ఈలోగా కరెంటు పోతే కథ మళ్లీ మొదటికి.

“కొత్తది కొనలేనండి. దీన్నే కాస్త పరిగెత్తించగలరా?”

“దీనికి వయసైపోయిందండి.”

“నాకూ అయిందండి. నేను పరిగెత్తట్లేదా?”

స్క్రూడ్రైవర్ తీశాను.

డబ్బా తెరిస్తే అదృష్టం కనిపించింది. గేములు ఆడుకోవడానికి ఆవిడ మేనల్లుడు కొని, మోజు తీరాక అత్తకిచ్చిన కంప్యూటర్ అది. ప్రాసెసర్ పేరు చివర K అక్షరం ఉంది. అంటే, వేగం పెంచుకోవడానికి తయారుచేసినవాళ్లే తాళం తీసి పెట్టారన్నమాట. వాళ్లు పెట్టిన వేగాన్ని దాటించి నడపడమే ఓవర్‌క్లాకింగ్. మెమరీది మరీ విడ్డూరం. 1600 మెగాహెర్ట్జ్ వేగంతో నడవగల మెమరీ ముక్కలు, కంప్యూటర్ లేవగానే ముందు చదువుకునే బయోస్ సెట్టింగుల్లో ఎవరూ ఆ సంగతి చెప్పక, ఏళ్ల తరబడి 1333 దగ్గరే కునుకు తీస్తున్నాయి.

ఈ పనిలో ఆత్రం పనికిరాదు. ముందు లోపలి దుమ్మంతా ఊదేశాను. ప్రాసెసర్ వేడిని పైనున్న కూలర్‌కి అందించే థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చులు కట్టింది. అది గీకి కొత్తది రాసి, పెద్ద కూలర్ బిగించాను. తర్వాత వేగం ఒక్కో మెట్టు పెంచడం, ప్రాసెసర్‌ను అరగంట పూర్తి శ్రమ పెట్టే స్ట్రెస్ టెస్ట్ నడపడం, వేడి చూసుకోవడం. ప్రాసెసర్ కుదురుకునే దాకా మెమరీ జోలికి వెళ్లకూడదు. రెండూ ఒకేసారి మారిస్తే, ఆగిపోయినప్పుడు దొంగ ఎవరో తెలియదు. వోల్టేజీ దగ్గర మాత్రం నేను పిసినారిని, ఎక్కువైతే చిప్ కాలిపోతుంది. వేగాన్ని 3.3 నుంచి మొదలుపెట్టి 4.2 గిగాహెర్ట్జ్ దగ్గర ఆపాను. మెమరీని 1600కి మార్చి, ఒక పూటంతా దాన్ని పరీక్షించాను. వేడి డెబ్బై డిగ్రీలు దాటలేదు. ఐదు గంటల పని నాలుగు గంటల లోపుకొచ్చింది. సోమవారం ఆవిడకి అప్పగిస్తూ కాలరెగరేశాను కూడా.

శుక్రవారం ఫోన్ వచ్చింది.

“శ్రీను గారూ, సగం దాకా వచ్చి ఆగిపోతోందండి. రెండుసార్లు అలాగే అయింది.”

“మధ్యలో ఏమైనా నొక్కారాండీ?”

“దాని దగ్గరికే వెళ్లలేదండి.”

మా వృత్తిలో ముందు అనుమానించేది కస్టమర్‌నే, అదో పాడలవాటు. శనివారం పొద్దున్నే బండి మీద మొగల్తూరు వెళ్లాను. మధ్యాహ్నంలోగా రెండరింగ్ మొదలవకపోతే స్టాలు ఆశ వదులుకోవాల్సిందే.

గదిలోకి అడుగుపెట్టగానే జబ్బేంటో తెలిసిపోయింది. డబ్బా మీద నిలువెల్లా తెల్లటి లేసు ముసుగు, లోపల గులాబీరంగు శాటిన్ గుడ్డ, వెనకాల రిబ్బను ముడి. మా వైపు టీవీకీ ఫ్రిజ్‌కీ మిక్సీకీ లేసు తొడగని ఇల్లుండదు. డబ్బాను ముట్టుకుంటే పొయ్యి మీదున్న ఇడ్లీ పాత్ర మూతలా కాలింది.

“ఇదెప్పుడు వేశారండీ?”

“మీరు బాగుచేశాక ముచ్చటేసిందండి. మూడు రోజులు కూర్చుని అల్లాను. ఉప్పుగాలి తగలకుండా లోపల శాటిన్ కూడా కుట్టాను.”

నా పనికి ఎవరూ ఇంత గౌరవం చేయలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపలి ఫ్యాన్లకు గాలి ఆడట్లేదని చెప్పగానే ఆవిడ మొహం వాడిపోయింది.

“అయితే నేనే పాడుచేశానా అండీ?”

“లేదండి, తప్పు నాది. ఏసీ కింద పెట్టి, డబ్బా పక్క తలుపు తీసేసి పరీక్షించాను. ఇది పనిచేసేది ఇక్కడ కదా. ఆపేశాకే ముసుగు వేయండి, నడిచేటప్పుడు వద్దు.”

గదిలో ఎండ సెగకు 4.2 అత్యాశ అనిపించి 4.0కి దించాను. మెమరీని కదపలేదు. డబ్బా మూసిపెట్టి అరగంట పరీక్షించాను, నిలబడింది. పదకొండింటికి రెండరింగ్ మొదలుపెట్టాం. అల్లికవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి చేరారు. నాగమణి గారు నాకు మామిడికాయ పప్పుతో అన్నం పెట్టారు గానీ, నా కళ్లు ముద్ద మీద కంటే తెర మీదే ఎక్కువ ఉన్నాయి.

మూడింటికి ఫైలు సిద్ధమైంది. పంపేముందు ఒకసారి వేసి చూశాం. చివర్లో సుబ్బలక్ష్మి గారనే పెద్దావిడ తెరకి దగ్గరగా జరిగారు.

“అవి నా చేతులేనే నాగమణీ. యాభై ఏళ్లబట్టి అల్లుతున్నాను, ఇంత చక్కగా తిరుగుతాయని నాకే తెలీదు.”

అందరూ ఒక్కసారి నవ్వారు, ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. వీడియో నాలుగింటికల్లా వెళ్లిపోయింది. పది రోజులకు స్టాలు వచ్చిందని కబురొచ్చింది.

అప్పటినుంచి వేగం పెంచిన ఏ కంప్యూటర్‌నైనా కస్టమర్ ఇంటికే వెళ్లి, మిట్టమధ్యాహ్నం, వాళ్ల గదిలో, వాళ్లు వాడేలాగే వాడి చూస్తాను. ఎంత వేగం పెంచావని తోటి మెకానిక్కులు అడిగితే 4.0 అని చెబుతాను. ఇంతేనా అని నవ్వుతారు. వాళ్లు ఆ వేళ సుబ్బలక్ష్మి గారి మొహం చూడలేదు.