తోకల దొంగకు కావలి

జర దగ్గరికి జరిగి కూసోండ్రి. ఒక్క పూటల జడ, ఇజ్జత్ రెండూ పోగొట్టుకున్న కథ చెప్త. నవ్వుతె నవ్వుండ్రి గాని జాలి మాత్రం పడకుండ్రి.

శ్రీరంగాపూర్ పక్క పల్లెకు నేను కోడలిగ వచ్చిన కొత్తల ముచ్చట. మా అత్తగారింట్ల ఏడు పందులు. అండ్ల నల్లది మొక్కు పంది. మా ఆయన జెరం తగ్గితె ఇస్తనని అత్త అమ్మవారికి మొక్కింది. మొక్కు పందికి చెవి చిరగొద్దు, తోక తెగొద్దు. తెగిందా, అమ్మవారు ముట్టదు, జెరం తిరిగొస్తది!

జాతర పది రోజులుందనంగ అత్త మా ఆడబిడ్డకు కాన్పు చెయ్యనీకి మల్దకల్ పోయింది. "పందులు పైలమే" అన్నది. నేనేమో తెలివిగల్లదాన్ని గద! అత్త నాలుగు తొట్లల్ల పోసే కుడితి, నడుము నొస్తదని ఒక్క తొట్లనే కుమ్మరిస్తి. కింద పరిచిన వరిగడ్డి కంపని ఊడ్చి పారేస్తి. దొడ్డి అద్దమోలె మెరిసింది. దొడ్డి ఊడ్వంగనే పండుగ కాదని నాకేం ఎరుక?

మూడోనాడు ఒకదాని తోక కొస లేదు. ఇంకో రెండు దినాలకు ఇంకో రెండిటివి. వారం తిరిగేసరికి ఆరు మొండి తోకలు! మిగిలింది మొక్కు పందిదే.

"ఎవరో కోస్తుండ్రు" అనుకుంటి. అనుమానం పోయి పోయి పక్కింటి లచ్చమ్మక్క మీద పడ్డది. రోజూ గోడ మీదికెల్లి తొంగి చూస్తది, చేతుల కొడవలి.

"ఏందే పిల్లా, పందులు గట్ల మొత్తుకుంటున్నయ్?"

"నీకెందుకక్కా?"

"గడ్డి ఏమాయె?"

గడ్డి లెక్క అడిగేటామె తోకలు వదుల్తదా? మరునాడు పొద్దుగాల మొక్కు పందికి కడుపునిండ పెట్టి, దొడ్డి మూలకు గంప బోర్లేసుకొని నక్కి కూసుంటి. నా సొంత జడ జానెడే. మిగిలిందంత సవరం, కొసకు ఎర్ర కుచ్చులు. అది గంప బయట వేలాడుతుంది.

వచ్చింది లచ్చమ్మక్క! చేతుల కొడవలి, సంకల మూట. ఎగిరి లేస్తి. ఎనుక ఏదో గుంజినట్టయింది గాని, దొంగ దొరికిన జోరుల ఎవరు చూస్తరు?

"రాండ్రి! తోకల దొంగ దొరికింది!"

వాడకట్టంత ఉరికొచ్చింది. అక్క మూట ఇప్పింది. వరిగడ్డి!

"పిచ్చిదానా, మూతికి పని లేకుంటె పంది పక్కదాని తోక నములుతది. గందుకే గడ్డి తెచ్చిన. ఒక్క తొట్టికాడ ఏడు మూతులు కుమ్ముకుంటె ఊకుంటయా? మీ అత్త గడ్డి అందానికి పరిచిందా?"

నేను తగ్గుతనా? "మరి మొక్కు పంది తోక ఎందుకు మిగిలింది?" అని పోలీసు అమీను లెక్క నిలదీస్తి.

అందరు అటు చూసిండ్రు. మొక్కు పంది మెల్లగ నములుతుంది. దాని మూతికి ఎర్ర కుచ్చులు వేలాడుతున్నయ్.

"దొంగ తోకను దొంగే కొరుక్కుంటదా? గని పిల్లా, నీ తోకేదే?" అన్నది అక్క.

గుమ్మడికాయల దొంగంటె భుజాలు తడుముకుంటరంట. నేను జడ తడుముకుంటి. జానెడే!

ఆ పూటనే గడ్డి పరిస్తి, నాలుగు తొట్లు నింపితి. పందులు గడ్డి కుమ్ముకుంట సల్లవడ్డయ్. మొక్కు తీరింది. జాతరనాడు నా బోడి జడకు అక్క తన సవరమే అల్లింది. "ఇది గూడ కోసుకొచ్చినంటవానే?" అన్నది.

ఇగ పందుల కింది గడ్డి తియ్య, పక్కింటామెను అనుమానించ, కొప్పు ముడువకుండ దొడ్లకు పోను. ఆ అమ్మవారి మీద ఒట్టు! మీ దొడ్ల గడ్డి, తొట్ల కుడితి నిండుగుండాలె. మీ ఇంటాడోళ్ల జడలు పదిలంగుండాలె.